ఆకుపచ్చ నూనె చుక్క ఎక్కడి నుంచి పడుతోంది?

ప్రశ్న: నేను తొమ్మిదేళ్లుగా ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో ఉంటున్నాను. పాత కార్ల మీద మోజుతో నిరుడు 1991 నాటి సిట్రోయెన్ బీఎక్స్ డీజిల్ కారు కొన్నాను. నెల రోజులుగా కారు వెనుక, ఎడమ చక్రం దగ్గర, ఆకుపచ్చ నూనె చుక్కలు చుక్కలుగా పడుతోంది. రాత్రి ఆపిన కారు తెల్లారేసరికి నేలకు ఆనేటంతగా కూలబడి ఉంటోంది. రెండు గ్యారేజీలవాళ్లు చూసి, నూనె పీడనంతో కారును చక్రాల మీద మోసే ఈ రకం సస్పెన్షన్ జోలికి రామన్నారు. వారిలో ఒకాయన, నూనె తగ్గినప్పుడల్లా బ్రేక్ ఆయిల్ పోసి నడుపుకోమన్నారు. గుంటూరులో ఉన్న మా నాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు. ఆయనేమో, "ఆ నూనె గోల తీసేయించి మామూలు స్ప్రింగులు వేయించుకో" అంటున్నారు. ఇంటి దగ్గర ఉన్న పనిముట్లతో ఈ లీకును నేనే బాగుచేసుకోవచ్చా?
— కె. ఆర్., మిల్టన్ కీన్స్

సమాధానం: అన్నిటికంటే ముందు, ఆ ఆకుపచ్చ నూనె ఉండే డబ్బాలో బ్రేక్ ఆయిల్ పోయకండి. ఇప్పటికే పోసి ఉంటే ఇంజను స్టార్టు చేయకుండా, డబ్బాను పూర్తిగా ఖాళీ చేయించేదాకా కారును ఉన్నచోటనే ఉంచండి. మీ కారులో తిరిగేది ఎల్‌హెచ్‌ఎం అనే ఆకుపచ్చ ఖనిజ నూనె. దానిలోని సీళ్లన్నీ ఖనిజ నూనెకు తట్టుకునే నైట్రైల్ రబ్బరుతో చేసినవి. మామూలు బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ జాతికి చెందినది కనుక ఆ సీళ్లను ఉబ్బించి మెత్తబరుస్తుంది. ఇప్పుడు ఒక్కచోట ఉన్న లీకు అప్పుడు పాతిక చోట్ల మొదలవుతుంది. ఆ గ్యారేజీ ఆయన దురుద్దేశంతో చెప్పి ఉండరు. 1955లో ఈ సస్పెన్షన్‌తో వచ్చిన డీఎస్ కారులో మొదటి పదేళ్లు వాడినది బ్రేక్ ఆయిల్ పోలికలున్న ఎర్ర ద్రవమే. అది గాలిలోని తేమను పీల్చుకుని లోపలి ఉక్కు భాగాలను తుప్పు పట్టిస్తుండటంతో 1966లో సిట్రోయెన్ సంస్థ ఈ ఆకుపచ్చ నూనెకు మారింది. మీ బీఎక్స్ 1982లో పుట్టి 1994 దాకా తయారైన నమూనా కనుక దానికి ఎర్ర ద్రవంతో ఎన్నడూ సంబంధం లేదు. 2001 తర్వాత వచ్చిన సీ5 కార్లలోని నారింజ రంగు ద్రవం కూడా మీ కారుకు పనికిరాదు.

మీ ఉత్తరంలో రెండు విషయాలు ఒకే జబ్బుగా కనిపిస్తున్నాయి కానీ, అవి వేర్వేరు. రాత్రికి రాత్రి కారు కూలబడటం మీ బీఎక్స్‌కు పుట్టుకతో వచ్చిన గుణం. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది, సిలిండర్లలోని నూనె లోపలి సన్నని సందుల గుండా మెల్లగా డబ్బాలోకి తిరిగి పోతుంది, కారు దిగుతుంది. ఉదయం ఇంజను స్టార్టు చేయగానే మొదట వెనుక భాగం, ఆ తర్వాత ముందు భాగం లేస్తే దాని ఆరోగ్యం బాగానే ఉన్నట్టు. కొన్ని గంటల్లో దిగేది ఇప్పుడు పది నిమిషాల్లోనే దిగిపోతుంటే మాత్రం ఆలోచించాలి. కాబట్టి కూలబడటాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టి, నేల మీద పడుతున్న చుక్క సంగతి చూద్దాం.

ఇంటి దగ్గర బాగుచేసుకోవచ్చా అంటే, ఆ చుక్క ఈ వ్యవస్థలో ఏ వైపు నుంచి వస్తోందన్నదాని మీద నా జవాబు ఆధారపడి ఉంటుంది. ఇందులో రెండు వైపులు ఉన్నాయి. ఇంజను బెల్టుతో తిరిగే పంపు నూనెను నొక్కి రెగ్యులేటరులోకి పంపుతుంది. రెగ్యులేటరు పీడనాన్ని సుమారు 145 నుంచి 170 బార్ మధ్య నిలుపుతుంది. మీ టైరులో ఉండే గాలి 2 బార్ పైచిలుకు మాత్రమేనని గుర్తు చేసుకుంటే ఆ పీడనం ఎంతటిదో తెలుస్తుంది. రెగ్యులేటరు నుంచి సన్నని ఉక్కు పైపుల గుండా సాగే నూనె ముందు, వెనుక ఇరుసుల దగ్గర కారు ఎత్తును సరిచేసే హైట్ కరెక్టర్లనే కవాటాల ద్వారా చక్రాల సిలిండర్లలోకి చేరుతుంది. ప్రతి సిలిండరు చివర ఒక ఇనుప గోళం ఉంటుంది, దానినే స్ఫియర్ అంటారు. అందులో రబ్బరు పొరకు ఒక పక్క నైట్రోజన్ వాయువు, రెండో పక్క ఈ నూనె ఉంటాయి. చక్రం మిట్ట ఎక్కినప్పుడు నూనె వెళ్లి వాయువును నొక్కుతుంది, వాయువు తిరిగి నూనెను తోస్తుంది, అంటే ఈ కారులో స్ప్రింగు ఆ వాయువే. ఇదంతా అధిక పీడనపు వైపు.

రెండో వైపు సంగతి చాలామందికి తెలియదు. సిలిండరులో కదిలే పిస్టనుకు, గోడకు మధ్య అతి సన్నని సందు నుంచి నూనె కొద్దికొద్దిగా ఊరాలనే దీనిని చేశారు, ఆ ఊటే దానికి కందెన. అలా ఊరిన నూనె నేల మీద పడకుండా సిలిండరు చివర ఒక రబ్బరు తిత్తి తొడిగి, ఆ తిత్తి నుంచి పెన్సిలంత లావు గొట్టాల ద్వారా నూనెను మళ్లీ డబ్బాకు చేరుస్తారు. ఈ తిరుగుదారిలో పీడనం దాదాపు లేదు. ముప్పై ఏళ్లు దాటిన కారులో ఈ తిత్తులు, ఈ గొట్టాలే ముందుగా పగులుతాయి. అందుకే గ్యారేజీలో "సస్పెన్షన్ పోయింది" అని భయపెట్టిన కారుకు చాలాసార్లు మూరెడు రబ్బరు గొట్టం వేస్తే సరిపోతుంది. తిరుగుదారి లీకును ఓపికగల మనిషి ఇంటి దగ్గర బాగుచేసుకోవచ్చు. అధిక పీడనపు వైపు లీకైతే తెలిసినవారి చేతికి ఇవ్వాలన్నది నా నిశ్చితాభిప్రాయం.

కారు కిందికి తొంగిచూసే ముందే మూడు ప్రమాదాలు తెలుసుకోవాలి. మొదటిది, ఈ కారు తనంతట తాను పైకి లేస్తుంది కదా అని దానినే జాకీగా నమ్మి కింద దూరకూడదు. పైపు తెగినా, ఎవరైనా లోపల కారు ఎత్తును మార్చే లివరు కదిపినా టన్ను బరువు ఉన్నపళంగా దిగుతుంది. సమతలమైన గట్టి నేల మీద, ముందు చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, ట్రాలీ జాకీతో లేపి, తలుపుల కింది అంచు దూలం కింద జాకీ పెట్టమని కంపెనీ గుర్తించిన చోట్ల రెండు వైపులా యాక్సిల్ స్టాండ్లు నిలిపాకనే పని మొదలుపెట్టండి. రెండోది, ఇంజను నడుస్తుండగా లీకును చేత్తో తడిమి వెతకకూడదు. ఆ పీడనంలో సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే నూనె తొడుగును, చర్మాన్ని కూడా చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాయమే కనిపించినా అది వెంటనే శస్త్రచికిత్స చేయవలసిన గాయం, "రేపు చూద్దాం" అనుకున్నవారు వేళ్లు పోగొట్టుకున్న సందర్భాలున్నాయి. వెతకవలసి వస్తే పొడవాటి అట్టముక్కను దూరం నుంచి పట్టుకుని చూడండి, అట్ట మీద తడి గీత పడుతుంది.

మూడో ప్రమాదం బ్రేకులది. మీ కారులో బ్రేకులకు వేరే నూనె లేదు, ఇదే నూనె బ్రేకులకూ పోతుంది. ముందు బ్రేకులు ప్రధాన పీడనంతో పనిచేస్తే, వెనుక బ్రేకులకు వెనుక సస్పెన్షన్‌లో ఉన్న పీడనమే అందుతుంది. వెనుక సీటు నిండా మనుషులు కూర్చుంటే ఆ పీడనం పెరిగి వెనుక బ్రేకు బలం కూడా దానంతటదే పెరిగే ఈ ఏర్పాటు నాకు ఎప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. కానీ అదే కారణంగా, వెనుక సస్పెన్షన్ ఖాళీ అయితే వెనుక బ్రేకు కూడా పోతుంది. కాబట్టి డబ్బాలో నూనె ఎంతుందో చూడకుండా కారును ఇంటి గేటు దాటించకండి. డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి స్టాప్ దీపం వెలిగితే ఉన్నచోటనే ఆపండి.

ఇక వెతకడం గురించి. ఈ పనిలో సగం శ్రమ ఇక్కడే ఉంది, కనుక దీని మీద కొంచెం ఎక్కువ చెబుతాను. ఇరవై ఏళ్ల కిందట బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నా దగ్గరా ఒక బీఎక్స్ ఉండేది. దానికీ వెనుక ఎడమ వైపే చుక్క పడేది. కింద పడుకుని చూస్తే స్ఫియర్ అడుగున నూనె బొట్టు వేలాడుతూ కనిపించింది. స్ఫియర్ సీలు పోయిందని నిర్ధారణ చేసేసుకుని, ఆదివారమంతా తంటాలు పడి కొత్త స్ఫియర్, కొత్త సీలు బిగించాను. సోమవారం పొద్దున అదే చోట అదే బొట్టు వేలాడుతోంది. సంగతేమిటంటే, జానెడు పైన ఉన్న రబ్బరు గొట్టం వంపు దగ్గర వెంట్రుకంత పగులు ఉంది. నూనె ఆ గొట్టం వెంబడి జారి, పక్కనున్న ఉక్కు పైపు మీదికి మళ్లి, దాని మీదుగా స్ఫియర్ ఒంపు తిరిగి, అడుగున బొట్టు కట్టేది. నూనె పుట్టిన చోట కాక, జారి జారి ఆగిన చోట మనకు కనబడుతుంది. ఆ పాఠానికి నేను కట్టిన రుసుము ఒక కొత్త స్ఫియర్ ఖరీదు.

అందుచేత మీరు ముందు ఆ మూలనంతా కడగండి. నూనె జిడ్డును కరిగించే ద్రావకం చల్లి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. బ్రేక్ డిస్కు మీద, ప్యాడ్ల మీద ఆ ద్రావకంగానీ నూనెగానీ మిగలకుండా చూడండి. ఆరిన తర్వాత సిలిండరు, తిత్తి, గొట్టాలు, పైపుల కూడళ్ల మీద పసిపిల్లలకు వాడే టాల్కం పౌడరు పలచగా చల్లండి. తెల్లని పొడి మీద ఆకుపచ్చ తడి ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు కనబడుతుంది, ఆ గీతకు పై చివరను చూడాలి. కారు కింద ఒక పెద్ద అట్ట పరిచి, దాని మీద చక్రం ఉన్న చోటును పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. ఇంజను ఆపి రాత్రంతా ఉంచినప్పుడు ఎన్ని చుక్కలు, ఇంజను నడుస్తుండగా పావుగంటలో ఎన్ని చుక్కలు, లివరును అన్నిటికంటే ఎత్తయిన స్థానంలో ఉంచినప్పుడు ఎన్ని చుక్కలు పడ్డాయో మూడు సార్లుగా రాసి పెట్టుకోండి. ఇంజను ఆపాక కూడా తీరిగ్గా, ఒకే వేగంతో పడుతూ ఉండేది చాలామటుకు తిరుగుదారి నూనె. ఇంజను నడుస్తుంటే మాత్రమే జోరుగా, తుంపరగా వచ్చి, ఆపిన కాసేపటికి తగ్గిపోయేది అధిక పీడనపు నూనె.

చెవితో చేసే పరీక్ష ఒకటి కూడా ఉంది. ఇంజను నిలకడగా నడుస్తుండగా, స్టీరింగు తిప్పకుండా, బ్రేకు తొక్కకుండా, బానెట్ తెరిచి నిలబడితే రెగ్యులేటరు నుంచి టిక్కుమనే చప్పుడు వినిపిస్తుంది. ఒక టిక్కుకూ మరో టిక్కుకూ మధ్య ఇరవై, ముప్పై సెకన్లు ఉంటే వ్యవస్థ పీడనాన్ని బాగానే నిలుపుకుంటున్నట్టు. మూడు నాలుగు సెకన్లకొకసారి టిక్కుమంటుంటే రెగ్యులేటరు మీదున్న స్ఫియర్‌లో వాయువు పోయి ఉండాలి, లేదా ఎక్కడో పీడనం కారిపోతూ ఉండాలి. తిరుగుదారి గొట్టం ఎంత పగిలినా ఈ టిక్కుల లెక్క మారదు, ఎందుకంటే ఆ నూనె అప్పటికే తన పని ముగించుకుని ఇంటికి పోతున్న నూనె. చుక్కలు పడుతున్నా టిక్కులు నిదానంగా ఉన్నాయంటే మీరు సగం ఊపిరి పీల్చుకోవచ్చు.

మీ లీకు తిరుగుదారిదేనని తేలితే పని ఇలా సాగుతుంది. కారును స్టాండ్ల మీద నిలిపాక, ఇంజను నడుస్తుండగా లోపలి లివరును అన్నిటికంటే కింది స్థానానికి తెచ్చి, కాసేపాగి ఇంజను ఆపండి. ఆ తర్వాత రెగ్యులేటరు మీదున్న 12 మిల్లీమీటర్ల స్క్రూను ఒక్క చుట్టు, మహా అయితే ఒకటిన్నర చుట్టు వదులు చేయండి. లోపల నూనె బుస్సుమని డబ్బాలోకి వెళ్లే చప్పుడు వినిపిస్తుంది. ఆ స్క్రూను పూర్తిగా విప్పేయకూడదు. దాని వెనుక చిన్న ఉక్కు గుండు ఉంటుంది, అది జారి ఇంజను కింద ఏ మూలనో పడిందంటే మీ శనివారం దానిని వెతకడంతోనే గడిచిపోతుంది. బుస చప్పుడు ఆగిన తర్వాత కూడా ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు పనిలోకి దిగండి.

పాత రబ్బరు గొట్టాన్ని లాగి ఊడదీయాలని చూడకండి. ముప్పై ఏళ్లలో అది తన మొలకకు, అంటే గొట్టం తొడిగే చిన్న మూతికి, అంటుకుపోయి ఉంటుంది, ఆ ప్లాస్టిక్ మొలకలు కూడా అప్పడాల్లా పెళుసెక్కి ఉంటాయి. మొలక విరిగితే చిన్న పని కాస్తా పెద్ద పని అవుతుంది. గొట్టాన్ని బ్లేడుతో పొడవునా, మొలకకు గాటు పడకుండా, చీరి విప్పండి. కొత్త గొట్టం లోపలి వ్యాసం పాతదానికి సరిపోవాలి, నూనెకు తట్టుకునే నైట్రైల్ రబ్బరుది అయి ఉండాలి. బ్రేకుల కోసం అమ్మే ఈపీడీఎం రబ్బరు సామాను దీనికి వద్దు, ఖనిజ నూనె తగిలితే అది కొన్నాళ్లకే ఉబ్బి ఊడిపోతుంది. గొట్టం చివరను వేడినీళ్లలో కాసేపు ముంచి తుడిచి, లోపల కొద్దిగా ఎల్‌హెచ్‌ఎం రాస్తే మెత్తగా ఎక్కుతుంది. ఒక గొట్టం పగిలిందంటే దానితో పాటు పుట్టినవన్నీ అదే వయసులో ఉన్నాయని అర్థం కనుక, చేయి పెట్టిన చోట అందినవన్నీ మార్చేయడం మేలు. ఇంజను వెనుక అనేక గొట్టాలు ఒకచోట కలిసే రబ్బరు కూడలి ఒకటుంది, ఫ్రెంచివారు దానిని ఆక్టోపస్ అనే పేరుతోనే పిలుస్తారు. చుక్కలు వెనుక చక్రం దగ్గర పడుతున్నాయని చెప్పారు కనుక ఇప్పుడు దాని జోలికి పోనవసరం లేదు, అది చేతులు దూరని చోట ఉంటుంది.

గొట్టాలు బాగుండి తిత్తి చిరిగి ఉంటే పని కాస్త పెరుగుతుంది. స్ఫియర్ విప్పి, పైపు వదులు చేసి, సిలిండరును దాని క్లిప్పు నుంచి విడదీసి బయటికి తీస్తేనే కొత్త తిత్తి తొడగడానికి వీలవుతుంది. తిత్తి ఎందుకు చిరిగిందో ముందుగా చూడండి. తిరుగుదారి గొట్టం లోపల బురదతో పూడుకుపోతే ఊరిన నూనె వెనక్కి పోలేక తిత్తిలోనే నిలుస్తుంది, తిత్తి బుడగలా ఉబ్బి పగులుతుంది. అలాంటి కారుకు తిత్తి మార్చి వదిలేస్తే నెల తిరక్కుండా కొత్త తిత్తీ పగులుతుంది. గొట్టం రెండు చివరలూ విప్పి, ఒక చివర నుంచి చేతిపంపుతో గాలి కొట్టి, రెండో చివర నుంచి గాలి ధారాళంగా వస్తోందో లేదో చూసుకున్నాకనే కొత్త తిత్తి తొడగండి. బయటికి తీసిన సిలిండరులోని పిస్టనును గోరుతో తడిమి చూడండి. అద్దంలా నున్నగా ఉండాలి, గోరుకు గీతలు తగిలితే ఆ సిలిండరే మార్చాలి.

స్ఫియర్‌ను విప్పడానికి పట్టీ స్పానరు కావాలి. తిరిగి బిగించేటప్పుడు మాత్రం చేతి బలం చాలు, కొత్త సీలుకు ఎల్‌హెచ్‌ఎం రాసి చేత్తో గట్టిగా బిగిస్తే సరిపోతుంది. లోపలి పీడనమే ఆ సీలును అంచుకు అదిమి ఉంచుతుంది. స్ఫియర్ లోపల నైట్రోజన్ ఉంటుంది, ఆ పీడనం నమూనాను బట్టి, చోటును బట్టి మారుతుంది, రెగ్యులేటరు మీది స్ఫియర్‌లో సాధారణంగా 62 బార్. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వాయువు రబ్బరు పొర గుండా మెల్లగా పోతుంది, అప్పుడు ఈ మెత్తని కారు గతుకుల బాటలో ఎడ్లబండిలా కుదుపుతుంది. వాయువు తిరిగి ఎక్కించడం దానికి తగిన పరికరాలున్నవారు చేయాల్సిన పని. వెల్డింగు షాపులో ఆక్సిజన్ ఉంది కదా అని దానిని ఎక్కించాలనే ఆలోచన ఎవరికీ రాకూడదు, నూనె తగిలిన చోట అధిక పీడనపు ఆక్సిజన్ అంటే బాంబే. పాత స్ఫియర్‌కు రంధ్రం చేయడం, దానిని వేడి చేయడం కూడా అంతే ప్రమాదం.

చుక్క ఉక్కు పైపు నుంచి వస్తోందని పౌడరు పరీక్ష చెబితే మాత్రం అక్కడితో ఆగండి. ఇంగ్లండులో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు వెనుక చక్రాల నుంచి ఎగిరి, ఇరుసు దూలం పైన గాలి ఆడని సందులో ఉన్న పైపుల మీద ఏళ్ల తరబడి నిలుస్తుంది. విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున ఇళ్ల గేట్లు ఎలా తినేసి ఉంటాయో మీరు చూసే ఉంటారు, అక్కడ జరిగేదీ అదే. ఎక్కువ పైపులు 3.5 మిల్లీమీటర్ల వ్యాసం గలవి. వాటి చివరను తీర్చే ఆకారం ఈ కంపెనీకి ప్రత్యేకం కనుక, ఊళ్లో దొరికే బ్రేకు పైపు సామాను వాటికి అచ్చంగా సరిపోదు. కొందరు చెడిన ముక్కను కోసి మధ్యలో కంప్రెషన్ జాయింటుతో కలుపుతారు, ఇంట్లో నీటి కుళాయి పైపులకు కలిపినట్టు. బ్రేకులు ఆధారపడిన పైపు మీద ఆ పని నేను చేయను, మీరు కూడా చేయవద్దని చెబుతున్నాను. ఈ కార్ల మీదే పనిచేసే నిపుణులు రాగి నికెల్ మిశ్రమంతో తయారుచేసిన పైపులు వేస్తారు, వాటికి ఉప్పు భయం ఉండదు. ఏ కారణంగా అయినా ఒక పైపు కూడలి విప్పితే దాని చివర ఉండే చిన్న రబ్బరు గొట్టపు సీలును కొత్తది వేయకుండా తిరిగి బిగించకండి. పైపు తన రంధ్రంలో తిన్నగా కూర్చున్నాక నట్టును ముందు వేళ్లతోనే తిప్పాలి, స్పానరు చివరలో కొద్దిగా చాలు.

పని ముగిశాక నూనె నింపడం సులువే. డబ్బాలోని రెండు ఫిల్టర్లను పెట్రోలుతో కడిగి, లోపలి నుంచి గాలి ఊది ఆరబెట్టి, కొత్త ఎల్‌హెచ్‌ఎం పోయండి. ఆ ఫిల్టర్లలో నల్లని జిడ్డు పేరుకుని ఉంటే నూనెనంతా మార్చేయడం మంచిది, సుమారు ఐదు లీటర్లు దగ్గర ఉంచుకోండి. రెగ్యులేటరు స్క్రూ వదులుగానే ఉంచి ఇంజను స్టార్టు చేసి, అర నిమిషం నడిపి, గాలి పోయాక స్క్రూ బిగించండి. కారును స్టాండ్ల మీద నుంచి దించాక, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, లివరును కింది స్థానం నుంచి పై స్థానానికి, మళ్లీ కిందికి మూడు నాలుగు సార్లు మార్చండి. కారు గుంజీలు తీస్తున్నట్టు లేచి కూర్చుంటుంటే పైపుల్లోని గాలి డబ్బాలోకి చేరిపోతుంది. నూనె మట్టాన్ని ఇంజను నడుస్తుండగా, కారు అన్నిటికంటే ఎత్తులో ఉన్నప్పుడే చూడాలి. కారు కూలబడి ఉన్నప్పుడు చూస్తే సిలిండర్లలోని నూనెంతా డబ్బాలోకి వచ్చి ఉంటుంది కనుక నిండుగా కనిపించి మోసం చేస్తుంది. రోడ్డు ఎక్కే ముందు ఇంటి ముందే నడక వేగంతో బ్రేకులు నాలుగైదు సార్లు తొక్కి చూడండి. తీసేసిన పాత నూనెను మురుగు కాలువలో పోయకుండా మీ కౌన్సిల్ వారి రీసైక్లింగ్ కేంద్రానికి ఇచ్చిరండి.

మీ నాన్నగారికి చెప్పవలసిన మాట ఒకటుంది. డిపోలో ఆకుస్ప్రింగుల బస్సులతో జీవితం గడిపినవారికి ఈ నూనె గోల అనిపించడంలో ఆశ్చర్యం లేదు. కానీ స్ప్రింగులు వేసినంత మాత్రాన నూనె పోదు. బ్రేకులకు అదే పంపు, అదే రెగ్యులేటరు, అవే పైపులు కావాలి. వెనుక బ్రేకుకు పీడనం ఇచ్చే సస్పెన్షనే లేకుండా పోతే ఆ బ్రేకులకు మరో ఏర్పాటు వెతకాలి. మూరెడు గొట్టంతో పోయేదానికి కారునంతా తిరగరాయడం అవుతుంది. ఈ వివరాలు ఫోనులో చెబితే, ఏ పైపు ఎటు పోతుందో గీసి పంపమని ఆయనే అడుగుతారని నా నమ్మకం.

ఇది చదువుతున్న హైదరాబాదు, విజయవాడ పాఠకులకు ఒక ముక్క. 2021లో మన దేశంలోకి వచ్చిన సిట్రోయెన్ సీ5 ఎయిర్‌క్రాస్ ప్రకటనల్లో కనిపించే హైడ్రాలిక్ కుషన్లు ఇవి కావు. అవి మామూలు స్ప్రింగులతో పనిచేసే షాక్ అబ్జార్బర్లే, లోపల రెండు చివర్లా నూనెతో ఆపే అదనపు ఏర్పాటు మాత్రం ఉంటుంది. అలాంటి షాక్ అబ్జార్బరు కడ్డీ దగ్గర నూనె కారితే రంధ్రం చేసి నూనె నింపించే రోడ్డు పక్క వైద్యాన్ని నమ్మకండి. ఒకే ఇరుసు మీది రెండింటినీ కలిపి మార్చడమే దారి.

కె. ఆర్. గారూ, పౌడరు పరీక్షలో మీది ఉక్కు పైపు లీకని తేలితే కారును నడుపుకుంటూ నిపుణుడి దగ్గరికి వెళ్లకండి, ట్రక్కు మీదే పంపండి. ట్రక్కు పిలిచేటప్పుడే రెండు సంగతులు చెప్పండి. పీడనం పోయిన బీఎక్స్ నేలకు ఆని ఉంటుంది కనుక నిటారు వాలుబల్ల ఎక్కదు, బల్లంతా నేలకు వాలే రకం ట్రక్కు కావాలి. రెండోది, కాలి బ్రేకు పనిచేయకపోవచ్చు. మీ కారు హ్యాండ్ బ్రేకు తీగతో ముందు చక్రాల మీద పనిచేస్తుంది కనుక అది పట్టుకుంటుంది. ట్రక్కు రావడానికి ముందు రోజే దానిని ఒకసారి లాగి, కారును తోసి చూసుకోండి.